పగలు చర్చి తెరిచి ఉంచడం: ప్రమాదం తలుపుతోనా, తాళంచెవితోనా?

వారానికి 168 గంటలు. అందులో ఆదివారం ఆరాధనకి రెండు మూడు గంటలు, మధ్యలో ఒక ప్రార్థన కూడికకో పెళ్ళికో ఇంకో రెండు గంటలు, చాలా చర్చిల తలుపులు తెరుచుకునేది ఆ కాసేపే. మిగతా సమయమంతా తాళం. ఎందుకని అడిగితే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: రోజులు బాగాలేవు, ఎవరో లోపలికొచ్చి ఏదో ఒకటి ఎత్తుకుపోతారు, లేదా పాడుచేస్తారు, జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది? ఈ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. చర్చిల్లో దొంగతనాలు జరుగుతాయి, మంటలు అంటుకుంటాయి, మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ పేరుమోసిన సంఘటనలు ఏ వేళలో జరిగాయి, ఎవరి చేతుల మీదుగా జరిగాయి అని ఒక్కొక్కటి విడదీసి చూస్తే, పగటిపూట తెరిచి ఉన్న ముందు తలుపు వాటిలో కొన్నింటికే కారణం. ఎక్కువగా కనిపించేవి రెండు: చీకటి, తాళంచెవి.

ముందు, మూసి ఉంచడం వల్ల ఏం పోతుందో చూడాలి, ఎందుకంటే ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు. ఆసుపత్రిలో తండ్రిని చేర్చి వచ్చిన మనిషికి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఒక గంట మౌనంగా కూర్చునే చోటు కావాలి. ఆదివారం నలుగురి మధ్యకు రావడానికి మొహమాటపడే మనిషి మామూలు రోజున ఒంటరిగా వస్తాడు. వేరే నమ్మకం ఉన్నవాళ్ళు, ఏ నమ్మకమూ లేనివాళ్ళు, పాత కట్టడం చూద్దామని వచ్చేవాళ్ళు, అమ్మమ్మ పెళ్ళి ఇక్కడే జరిగిందట అంటూ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు, వీళ్ళెవరూ ఆదివారం ఉదయం రారు. తాళం చూసి వెనక్కి వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తాడనే నమ్మకం కూడా లేదు.

కతోలిక సంఘం ఈ విషయాన్ని పాస్టర్ల మంచితనానికి వదిలేయలేదు, చట్టంలోనే రాసుకుంది. 1983 కేనన్ లా, అంటే ఆ సంఘ చట్టం, 937వ నిబంధన ప్రకారం, దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రపరిచిన రొట్టె) ఉంచిన చర్చి, గట్టి కారణం ఏదైనా అడ్డొస్తే తప్ప, రోజూ కనీసం కొన్ని గంటలు విశ్వాసుల ప్రార్థన కోసం తెరిచి ఉండాలి. ఆ వెంటనే వచ్చే 938వ నిబంధన, సత్ప్రసాదం ఉంచే మందసం కదలనిదిగా, గట్టి పదార్థంతో, లోపలున్నది బయటికి కనపడకుండా, తాళం వేసి ఉండాలని చెబుతుంది. దాని తాళంచెవిని అత్యంత జాగ్రత్తగా కాపాడే బాధ్యత చర్చి చూసుకునే వ్యక్తిదని కూడా అక్కడే ఉంది. పెద్ద తలుపు తెరువు, చిన్న తలుపుకి తాళం వెయ్యి, ఆ తాళంచెవి ఎక్కడుందో నీకు తెలిసి ఉండాలి. పగటిపూట చర్చిని జాగ్రత్తగా తెరిచి ఉంచడానికి కావలసిన ఆలోచనంతా ఈ మూడు మాటల్లో ఉంది, ఏ శాఖకి చెందిన చర్చికైనా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు ఆ సంఘటనల దగ్గరికి వద్దాం. బెల్జియంలోని గెంట్ నగరంలో సెయింట్ బావో కెథెడ్రల్ నుంచి వాన్ ఐక్ సోదరుల బలిపీఠ చిత్రాల్లో రెండు పలకలు మాయమైంది 1934 ఏప్రిల్ 10, 11 తేదీల మధ్య రాత్రి. ఒక పలక తిరిగొచ్చింది, 'న్యాయమైన న్యాయమూర్తులు' అనే పలక ఈ రోజుకీ దొరకలేదు, దాని చోట నకలు పెట్టారు. ఇటలీలో పలెర్మోలోని సాన్ లొరెంజో ప్రార్థనాలయం నుంచి కరవాజ్జో గీసిన క్రీస్తు జనన చిత్రాన్ని ఫ్రేములోంచి కోసుకుపోయింది 1969 అక్టోబరులో, అదీ రాత్రే. రెండుచోట్లా తలుపులు మూసే ఉన్నాయి.

స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తెలా కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 12వ శతాబ్దపు చేతిరాత గ్రంథం కోడెక్స్ కలిక్స్‌తీనస్ 2011 జూలైలో కెథెడ్రల్ భాండాగారంలోని భద్రమైన పెట్టెలోంచి పోయింది. పెట్టె పగలలేదు, తాళం విరగలేదు. ఏడాది తర్వాత అది దొరికింది ఒక గరాజులో, తీసినది అదే కెథెడ్రల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఎలక్ట్రీషియన్. అతని దగ్గర పది లక్షల యూరోలకు పైగా నగదు కూడా పట్టుబడింది, అదంతా చర్చి సొమ్మే. రోజూ వేలమంది యాత్రికులు నడిచిన ఆ చర్చిలో పెద్ద దొంగతనం యాత్రికుల వల్ల జరగలేదు. ఫ్రాన్స్‌లో నాంత్ కెథెడ్రల్ 2020 జూలై 18న తగలబడినప్పుడు, 17వ శతాబ్దం నాటి పెద్ద ఆర్గాన్ వాయిద్యం బూడిదైంది. నిప్పు పెట్టినట్టు ఒప్పుకున్నది ముందు రోజు సాయంత్రం తలుపులు మూసే బాధ్యత అప్పగించిన వాలంటీరు.

దీన్నిబట్టి లోపలివాళ్ళందరినీ అనుమానించాలని కాదు. వాలంటీర్లు లేకపోతే ఏ చర్చీ ఒక్క రోజు కూడా నడవదు. కానీ ముందు తలుపు దగ్గర చూపించే భయంలో పదో వంతు శ్రద్ధ కూడా తాళంచెవుల మీద పెట్టని చోటు చాలా ఎక్కువ. మొత్తం ఎన్ని తాళంచెవులు ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, రెండేళ్ళ క్రితం ఊరు మారిపోయిన కోశాధికారి తనది తిరిగిచ్చాడా, పెయింటింగ్ పనికి వచ్చిన కాంట్రాక్టరుకి ఇచ్చిన సెట్టు ఏమైంది, ఈ ప్రశ్నలకి కాగితం మీద జవాబు లేకపోతే ముందు తలుపు మూసి ఉంచడం వల్ల ఒరిగేది తక్కువ. పూలకుండీ కింద, గుమ్మం పైన దాచిన తాళంచెవి అసలు దాచినట్టే కాదు, మొదట వెతికేది అక్కడే. తాళంచెవులకి నంబర్లు వేసి, తీసుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించి, ఎవరైనా బాధ్యత నుంచి తప్పుకున్న రోజే తిరిగి తీసుకుని, లెక్క తప్పినప్పుడు తాళమే మార్చడం, ఇది కెమెరాలు పెట్టించడం కంటే చవకైన పని, ఎక్కువ పనిచేసే పని కూడా.

అయితే రెండో వైపు కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1972 మే 21న, పెంతెకొస్తు ఆదివారం, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బాసిలికాలో జనం చూస్తుండగానే ఒక వ్యక్తి సుత్తితో మైకెలాంజెలో చెక్కిన పియెటా మీద, అంటే చనిపోయిన యేసుని ఒడిలో పెట్టుకున్న మరియ శిల్పం మీద పడ్డాడు, మరియ చేయి విరిగింది, ముక్కు, కనురెప్ప దెబ్బతిన్నాయి. అప్పటినుంచి ఆ శిల్పం బులెట్ దిగని గాజు వెనక ఉంది. 2020 అక్టోబరు 29 ఉదయం ఫ్రాన్స్‌లో నీస్ నగరంలోని నోత్ర్ దామ్ బాసిలికాలోకి కత్తితో వచ్చిన మనిషి ముగ్గురిని చంపేశాడు. అమెరికాలో చార్ల్‌స్టన్‌లో 2015 జూన్ 17 సాయంత్రం, బైబిలు అధ్యయనానికి కొత్తగా వచ్చిన యువకుణ్ణి ఆదరించి కూర్చోబెట్టుకున్నవాళ్ళలో తొమ్మిదిమందిని అతనే కాల్చి చంపాడు. వీటిని అంకెల్లో కలిపేసి, ఇలాంటివి అరుదులే అని ముందుకు వెళ్ళిపోవడం సరికాదు. అరుదైనవే, కానీ ఆ కుటుంబాలకి కాదు. తెరిచిన తలుపు ఇలాంటి మనిషిని ఆపలేదు, ఆ మాటకొస్తే ఆదివారం ఆరాధన జరుగుతున్న చర్చి తలుపూ ఆపలేదు. ఆరాధనలు మానేయం కదా. కాబట్టి ఈ స్థాయి ప్రమాదానికి చేయగలిగింది వేరే ఉంది: లోపలున్నవాళ్ళు త్వరగా బయటపడే దారి. ముందు తలుపు ఒక్కటే తెరిచి, పక్క తలుపులన్నింటికీ బయటినుంచి గడియ వేసి, లోపల బల్లలు అడ్డం పెట్టి ఉంచే అలవాటు చాలాచోట్ల ఉంది. బయటివాళ్ళు రాకుండా ఆ తలుపులు మూసి ఉండటం మంచిదే, కానీ లోపలివాళ్ళు తాళంచెవి అక్కర్లేకుండా ఒక్క తోపుతో తెరవగలగాలి. మంటలకైనా, దాడికైనా, తొక్కిసలాటకైనా ప్రాణం కాపాడేది ఆ రెండో తలుపే.

మరి మామూలు రోజుల సంగతి? చిల్లర దొంగతనాలు, గోడల మీద రాతలు, మూలన కూర్చుని తాగడం లాంటివి. వీటన్నిటికీ కావలసింది ఒక్కటే, ఎవరూ రారనే ధీమా. తాళం వేసిన చర్చిలో ఆ ధీమా పూర్తిగా దొరుకుతుంది, వెనక కిటికీ పగలగొట్టి లోపలికి దిగినవాడికి వచ్చే ఆదివారం దాకా అడిగేవాళ్ళు ఉండరు. తెరిచి ఉన్న చర్చిలో ఏ నిమిషాన ఎవరు లోపలికి వస్తారో తెలియదు. బ్రిటన్‌లో చర్చిల బీమాకే పుట్టిన ఎక్లీసియాస్టికల్ అనే సంస్థ, 1887 నుంచి ఉన్నది, పగటిపూట తెరిచి ఉంచమని చర్చిలని ప్రోత్సహిస్తుంది. నష్టం జరిగితే డబ్బు కట్టాల్సిన సంస్థ ఆ మాట అంటోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంగ్లండ్‌లోనే చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ 1969 నుంచి, ఆరాధనలు ఆగిపోయిన పాత చర్చిలను చూసుకుంటోంది, ఇప్పుడు 350కి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిలో రోజంతా కాపలా మనిషి ఉండడు. పొద్దున ఊళ్ళో ఒకరు వచ్చి తెరుస్తారు, సాయంత్రం మూస్తారు, మధ్యలో ఎవరో ఒకరు వచ్చి పోతుంటారు. మనిషి లేకుండా తెరవడం కుదరదనే వాదనకి అంతకంటే జవాబు ఏముంది?

కానీ అలా తెరవాలంటే లోపల ఏం ఉంచాలో, ఏం ఉంచకూడదో ముందే తేల్చుకోవాలి. సంఘ పెద్దలు ఒకసారి దొంగ కళ్ళతో చర్చి అంతా తిరిగి చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. చేతిలో పట్టేవి, సంచిలో దాగేవి, బయట అమ్ముడుపోయేవి, ఈ మూడూ కలిసిన వస్తువు పగలు బయట ఉండకూడదు. వెండి పాత్రలు, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు అందరికీ గుర్తొస్తాయి. ఈ రోజుల్లో వాటికంటే ఎక్కువ ఆశపెట్టేవి మైకులు, మిక్సరు, కీబోర్డు, ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్. ఆదివారం అయిపోగానే వైర్లు పీకి పెట్టడానికి బద్ధకమేసి అక్కడే వదిలేసే సామాను ఇదే. తాళం ఉన్న బీరువా ఒకటి వేదిక పక్కనే ఉంటే ఆ బద్ధకానికి చోటుండదు. పాత్రలు, వస్త్రాలు దాచే పక్క గది, అంటే సాక్రిస్టీ, పగలంతా తాళం వేసే ఉండాలి, అందులో పని చేసుకుంటున్నప్పుడు కూడా తాళంచెవి తలుపుకే వదిలేయకూడదు. బాప్తిస్మం, వివాహ రిజిస్టర్లకి బజార్లో ధర ఉండదు కానీ పోతే మళ్ళీ తయారు కావు, అవి నిప్పుకి తట్టుకునే పెట్టెలో ఉండాలి, వాటి ఫొటో కాపీలు ఇంకో చోట ఉండాలి.

కానుకల పెట్టె గురించి ఒక్క మాట. పెట్టెలో డబ్బు ఉందనే నమ్మకమే దొంగని రప్పిస్తుంది. గోడలోకి బిగించిన ఇనుప పెట్టె పెట్టి, రోజూ సాయంత్రం ఖాళీ చేసి, 'ఈ పెట్టె రోజూ ఖాళీ చేస్తాం' అని దాని మీదే రాస్తే సగం సమస్య తీరుతుంది. డబ్బు లెక్కపెట్టడం తలుపులు తెరిచి ఉన్నప్పుడు అస్సలు చేయకూడదు, ఒక్కరే కూడా చేయకూడదు. క్యూఆర్ కోడ్ పెట్టిన చోట ఇంకో జాగ్రత్త కావాలి: అసలు కోడ్ మీద వేరే స్టిక్కరు అంటించి కానుకలు తమ ఖాతాలోకి మళ్ళించుకునే మోసం ఉంది, కాబట్టి పొద్దున తలుపు తీసినవాళ్ళు ఆ కాగితాన్ని వేలితో తడిమి చూడాలి, గాజు పలక వెనక పెడితే ఇంకా మంచిది.

ఉన్న వస్తువులన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోవడం ఎవరికీ అర్జంటుగా అనిపించదు, పోయినరోజు మాత్రం పోలీసులు మొదట అడిగేది అదే. విలువైన కళావస్తువులను ఎలా నమోదు చేయాలో చెప్పే ఆబ్జెక్ట్ ఐడి అనే అంతర్జాతీయ పద్ధతి 1997 నుంచి ఉంది. అందులో పెద్ద సంగతులేమీ లేవు. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, కొలతలు ఎంత, దాని మీద రాతలు గుర్తులు ఏమున్నాయి, ఎక్కడ సొట్ట పడింది, ఎక్కడ అతుకు ఉంది, పలు వైపుల నుంచి ఫొటోలు. అదే రకం పాత్రలు ప్రపంచంలో ఎన్నో ఉంటాయి, సొట్టే దాన్ని మన చర్చి పాత్రగా నిలబెడుతుంది. ఇంటర్‌పోల్ దగ్గర పోయిన కళావస్తువుల జాబితాలో 50,000కి పైగా నమోదులు ఉన్నాయి, 2021లో దాన్ని ఫోన్‌లో వెతుక్కునే ఐడి-ఆర్ట్ అనే యాప్ కూడా తెచ్చారు. గుర్తుపట్టేలా వివరాలు, ఫొటో లేని వస్తువు ఆ జాబితాలోకి ఎక్కడం కష్టం, దొరికినా మనదని చూపించడం అంతకంటే కష్టం.

దొంగకంటే నిప్పుకే ఎక్కువ భయపడాలి. దొంగ ఒక పాత్ర తీసుకెళ్తాడు, నిప్పు పైకప్పుతో సహా తీసుకెళ్తుంది. ఎవరూ లేని చర్చిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉండకూడదనేది ఎక్కడా సడలించకూడని నియమం. వచ్చినవాళ్ళు కొవ్వొత్తి వెలిగించుకోవాలని అడగడం సహజం, అది వాళ్ళ ప్రార్థన, దాన్ని కాదనడం బాగుండదు. అందుకే దానికంటూ ఒక చోటు చూపించాలి: రాతి నేల మీద, బరువైన ఇనుప స్టాండు, ఇసుక పోసిన పళ్ళెం, చుట్టుపక్కల తెరలు, పూలు, కాగితాలు, చెక్క బల్లలు లేకుండా. అగ్గిపెట్టెలు, లైటర్లు అక్కడ వదిలేయకూడదు. ఒక కొవ్వొత్తి నుంచి ఇంకోటి వెలిగించుకునే ఏర్పాటు ఉంటే చాలు, అది కూడా మనిషి ఉన్న గంటల్లోనే. మనిషి లేనప్పుడు బ్యాటరీ దీపాలు పెట్టండి, చూడటానికి అంత అందంగా ఉండవు, అయినా సరే. ఇక కావాలని నిప్పు పెట్టేవాడు సాధారణంగా పెట్రోలు డబ్బాతో రాడు, అక్కడ దొరికినదానికే అంటిస్తాడు: పాత పత్రికల కట్టలు, పాటల పుస్తకాలు, క్రిస్మస్ అలంకరణ సామాను, గోడ పక్కనే పెట్టిన చెత్త డబ్బా. వీటిని కళ్ళ ముందు నుంచి తీసేస్తే అతని పని కష్టమవుతుంది.

అలారం ఉంటే సరిపోదు, అది ఎక్కడ మోగుతోందో తెలియాలి. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం ప్యారిస్ నోత్ర్ దామ్‌లో మొదటి అలారం మోగినప్పుడు మనిషిని పంపింది వేరే భాగం పైకప్పు కిందికి. అక్కడ ఏమీ లేదు. అసలు మంట పెద్ద పైకప్పు కింద చెక్క దూలాల మధ్య ఉందని తేలేసరికి సుమారు అరగంట గడిచిపోయింది. అంతటి కట్టడంలోనే అలా జరిగితే, ఒక మామూలు చర్చిలో అలారం ప్యానెల్ మీద 'జోన్ 4' అంటే ఏ గదో మధ్యాహ్నం కూర్చునే వాలంటీరుకి తెలుసా అని అడిగి చూడాలి. ప్యానెల్ పక్కనే అందరికీ అర్థమయ్యే భాషలో ఒక పటం అంటించడానికి పది నిమిషాలు చాలు.

వచ్చేవాళ్ళకి దెబ్బ తగలకుండా చూడటం ఇందులో పెద్దగా చర్చకి రాని భాగం, నిజానికి ఎక్కువగా జరిగేది ఇదే. ఎండలోంచి చీకటి గదిలోకి అడుగుపెట్టిన మనిషికి కొన్ని క్షణాలు ఏమీ కనపడదు, సరిగ్గా అక్కడే పాత చర్చిల్లో ఒక మెట్టు దిగాల్సి ఉంటుంది. ఆ మెట్టు అంచుకి తెల్ల గీత, గుమ్మం దగ్గర మనిషి రాగానే వెలిగే లైటు, ఒక పట్టుకునే కమ్మీ, ఇవి ఉంటే చాలా పడిపోవడాలు ఆగుతాయి. గంట గోపురం మెట్లకి, పై గ్యాలరీకి తాళం వేయాలి, బోర్డు పెడితే సరిపోదు. సమాధుల తోటలో ఒరిగిన రాళ్ళను పిల్లలు ఎక్కకముందే సరిచేయాలి. పైకి కూడా చూడాలి: ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచె బాసిలికాలో 2017 అక్టోబరులో పైనుంచి ఊడిపడిన రాతి ముక్క తగిలి స్పెయిన్ నుంచి వచ్చిన ఒక సందర్శకుడు చనిపోయాడు. ఎక్కడైనా పెచ్చులు రాలుతున్నట్టు అనుమానం వస్తే ఆ మూల తాడు కట్టి మూసేసి, మిగతా చర్చి తెరవడమే దారి.

ఇక మనుషుల సంగతి, ఇక్కడ ఎక్కువ ఆలోచించాలి. మధ్యాహ్నం పూట చర్చిలో కూర్చోవడానికి ముందుకొచ్చేవాళ్ళు ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు. వాళ్ళని కాపలాదారులుగా చూడటం పెద్ద తప్పు. వాళ్ళ పని పలకరించడం. లోపలికొచ్చిన ప్రతి మనిషి కళ్ళలోకి చూసి 'నమస్కారం, రండి' అనడం కంటే మంచి భద్రత లేదు. ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ఆ మాటతో ఊరట, వేరే ఉద్దేశంతో వచ్చినవాళ్ళకి తమ ముఖం ఎవరో గుర్తుపెట్టుకున్నారని అర్థమవుతుంది. వీలైనంతవరకు ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉండాల్సి వస్తే కుర్చీ తలుపుకి దగ్గరగా, తనకి బయటికి వెళ్ళే దారి తన వెనకే ఉండేలా వేసుకోవాలి, ఫోన్ ఛార్జింగ్‌తో చేతిలో ఉండాలి, గంటకోసారి ఎవరో ఒకరికి మెసేజ్ పెట్టే ఏర్పాటు ఉండాలి. ఎవరైనా వస్తువు తీసుకుని పరిగెత్తితే వెంటపడకూడదు, అడ్డు నిలబడకూడదు. ఈ మాట వాలంటీర్లకి ముందే గట్టిగా చెప్పాలి, లేకపోతే చర్చి వస్తువనే మమకారంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. పాత్ర పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

తాగి వచ్చినవాళ్ళు, మనసు చెదిరినవాళ్ళు, నిద్రపోవడానికి చోటు లేక వచ్చినవాళ్ళు, డబ్బు అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. చర్చి తలుపు తట్టాల్సింది వాళ్ళే కదా. వచ్చాక ఏం చేయాలో అప్పటికప్పుడు ఆలోచిస్తే ఒకరోజు కఠినంగా, ఒకరోజు మెత్తగా వ్యవహరిస్తాం, గొడవలు వచ్చేది ఆ తేడాల దగ్గరే. బెంచీ మీద కాసేపు పడుకోనిస్తారా లేదా, డబ్బు ఇస్తారా భోజనానికి దారి చూపిస్తారా, ఏ పరిస్థితిలో ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ సంఘం కూర్చుని నిర్ణయించుకుని, దగ్గరలో ఉన్న ఆశ్రయాల, ఆసుపత్రి, పోలీసు నంబర్లు ఒక కార్డు మీద రాసి బల్ల దగ్గర పెట్టాలి. ఏడుస్తూ మాట్లాడాలని వచ్చిన మనిషితో మూసిన గదిలోకి వెళ్ళకుండా, అందరికీ కనిపించే ఒక మూలన కూర్చుని మాట్లాడాలి. ఒంటరిగా వచ్చిన పిల్లలతోనైతే ఈ నియమం ఇంకా గట్టిగా ఉండాలి, ఇది వచ్చినవాళ్ళ రక్షణ కోసం, కూర్చున్నవాళ్ళ రక్షణ కోసం కూడా.

కెమెరాల విషయంలో ఒక అభిప్రాయం గట్టిగానే చెప్పాలి. ద్వారం దగ్గర, ముఖం స్పష్టంగా కనిపించే ఎత్తులో ఒక కెమెరా, విలువైన వస్తువు ఉన్న చోట ఒకటి, ఉన్నట్టు తెలిపే బోర్డు, ఇంతవరకు సరే. మోకరించి ఏడుస్తున్న మనిషి మీదికి కెమెరా తిప్పడం మాత్రం సరికాదు. పైకప్పు మూలన పెట్టిన కెమెరాలో ఎలాగూ నెత్తి, టోపీ తప్ప ఏమీ కనపడవు. రికార్డు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూడొచ్చు అనేది రాసిపెట్టుకోవాలి. పొద్దున తెరుచుకుని సాయంత్రం దానంతటదే మూసుకునే టైమర్ తాళాలు కూడా వచ్చాయి, మనుషులు దొరకని చోట చాలా ఉపయోగం, కానీ లోపల చిక్కుకున్న మనిషి బయటికి రావడానికి మీట లేకుండా, కరెంటు పోతే ఏమవుతుందో తెలుసుకోకుండా బిగించకూడదు.

బయటి జాగ్రత్తలు రాత్రి కోసం. పైకప్పు సీసం, రాగి రేకులు పోయేది ఎక్కువగా చీకట్లోనే. లోహాల ధర పెరిగినప్పుడల్లా బ్రిటన్‌లో ఈ దొంగతనాలు పెరిగి, చివరికి తుక్కు లోహానికి నగదు చెల్లించడాన్నే నిషేధించారు, 2013 చట్టం ఆ వ్యాపారాన్ని ఇంకా కట్టుదిట్టం చేసింది. చర్చి చేయగలిగింది నిచ్చెనలు బయట వదలకపోవడం, గోడకి ఆనించిన డబ్బాలు జరపడం, కిటికీలను కప్పేసే పొదలు కత్తిరించడం. తెరిచే గంటలేమిటో ఇరుగుపొరుగుకి చెప్పడం కూడా అంతే ముఖ్యం, అప్పుడే ఆ గంటలు కాని వేళ చర్చిలో లైటు కనిపిస్తే వాళ్ళకి తేడాగా అనిపిస్తుంది.

సాయంత్రం మూసేటప్పుడు ఒక చుట్టు తిరగాలి, ప్రతిసారీ ఒకే వరసలో, అప్పుడే ఏదీ మరిచిపోం: బెంచీల మధ్య, బలిపీఠం వెనక, టాయిలెట్లు, గోపురం తలుపు, కొవ్వొత్తి స్టాండు. వీలైతే ఇద్దరు కలిసి, చీకటి పడకముందే. కొవ్వొత్తులు ఆర్పిన వెంటనే తాళం వేసి వెళ్ళిపోకుండా మిగతా చుట్టు పూర్తిచేసి మళ్ళీ ఒకసారి ఆ స్టాండు చూడాలి. పగలు మధ్యలో వచ్చి చూసేవాళ్ళు మాత్రం రోజూ ఒకే సమయానికి రాకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒకేసారి ఏడు రోజులూ తెరవనక్కర్లేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు, ఇద్దరు మనుషులతో, కొన్ని నెలలు చూడాలి. బీమా కంపెనీకి ముందే చెప్పాలి, పాలసీలో ఎలాంటి షరతులు ఉన్నాయో చదవాలి. బయట 'చర్చి తెరిచి ఉంది, లోపలికి రండి' అని దారినపోయేవాళ్ళకి కనిపించేలా బోర్డు పెట్టాలి, ఎందుకంటే పెద్ద చెక్క తలుపు దగ్గరగా వేసి ఉంటే అది తాళం వేసినట్టే కనిపిస్తుంది. బోర్డు మీద రాసిన గంటలు తప్పకూడదు. గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, జరిగిన ప్రతి చిన్న విషయం, తేదీ, సమయంతో రాయించాలి: ఎవరో కానుకల పెట్టె చుట్టూ తచ్చాడారు, గురువారం పక్క తలుపు గడియ సరిగ్గా పడలేదు, ఫలానా మూల బల్బు మాడిపోయింది. ఏదైనా పోయినప్పుడు ఆ పుస్తకం తెరిస్తే ఎక్కడ లోపం జరిగిందో దొరుకుతుంది, మొత్తం చర్చికి తాళం వేయాల్సిన పని లేకుండా ఆ ఒక్క గడియ మార్పించి, మర్నాడు రాసిన సమయానికే తలుపు తీయొచ్చు.